ఎలుకలకి పెట్టే కొవ్వు వేరు, మన నెయ్యి వేరు
హై ఫ్యాట్ డైట్ (కొవ్వు బాగా ఎక్కువున్న దాణా) పెట్టిన ఎలుకల గుండె గోడలు మందమయ్యాయి కాబట్టి మనం కూడా నెయ్యి మానేయాలని మీ వ్యాసంలో రాశారు, మొదటి సగం కరెక్టే కానీ రెండోది ఒప్పుకోలేను. నేను పీహెచ్‌డీలో ఈ ఎలుకలతోనే పనిచేశా, వాటికి పెట్టే దాణాలో కేలరీలు 60 శాతం కొవ్వు నుంచే, అదీ ఎక్కువగా పంది కొవ్వు, ఆ బిళ్లలు ముట్టుకుంటే చేతికి జిడ్డు, బయట పెడితే మెత్తబడి చిదిగిపోతాయి, కొన్నాళ్లకి ఎలుకల బొచ్చు కూడా జిడ్డుగా అయిపోతుంది. అన్నంలో స్పూను నెయ్యి వేసుకునే మనిషికీ దీనికీ పోలికేంటండీ? పైగా మామూలు ఎలుకలో కొలెస్ట్రాల్ ఎక్కువగా హెచ్‌డీఎల్‌లోనే (మంచి కొలెస్ట్రాల్ అంటారే, అందులో) ఉంటుంది, దాని రక్తనాళాలు మనలాగా అంత తేలిగ్గా పూడుకుపోవు, అందుకే అవి పూడుకుపోయేలా, రక్తంలోంచి కొలెస్ట్రాల్ తొలగించడానికి సాయపడే ఏపీఓఈ అనే జీన్ తీసేసిన ఎలుకల్ని 1992లో తయారు చేసుకోవాల్సొచ్చింది. మీరు చెప్పిన ప్రయోగంలో వాడింది ఏ రకం ఎలుకలో రాయలేదు, పోల్చిన రెండో గుంపుకి ఏం పెట్టారో అసలే లేదు. చాలా ల్యాబుల్లో వాటికి మామూలు గింజల దాణా వేస్తారు, అందులో పీచు బాగా ఎక్కువ, అప్పుడు తేడా కొవ్వు వల్లా పీచు తగ్గడం వల్లా అన్నది తేలదు. మా అమ్మ ఇలాంటి హెడ్డింగులు చూసే నెయ్యి మానేసి బిస్కెట్లు తింటోంది, దయచేసి ఆ రెండు వివరాలూ చేర్చండి.