రంగులేసిన సీసాలు ఎండకు నిలవవు
తాగిపారేసిన నీళ్ల సీసాలకు రంగులేసి పార్కులో బొమ్మలు నిలబెడితే ఏళ్ల తరబడి ఉంటాయని ఒకరు రాశారు, నేను ఒప్పుకోను. మా తిరుపతి ఎండకు ఆ ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, రంగు పెచ్చులూడుతుంది. పైగా రంగు పూసిన సీసాను పాత సామాన్లవాళ్లు తీసుకోవడానికి ఇష్టపడరు, చివరికి చెత్తకుప్పకే పోతుంది. మా వీధిలో మేం సీసాల బదులు వాటి మూతలతో బొమ్మ చేశాం. పాత ప్లైవుడ్ చెక్క మీద నెమలి గీసి, నీలం, ఆకుపచ్చ మూతల్ని ఉన్న రంగులోనే ఒక్కోటీ స్క్రూతో బిగించాం. మెడ దగ్గరికొచ్చేసరికి నీలం మూతలు చాలకపోతే పిల్లలు టీకొట్లన్నీ తిరిగి ఏరుకొచ్చారు. ఆ ఏరడంలోనే వీధంతా కలిసింది, నాకు బొమ్మకన్నా అదే ఎక్కువ. ఎండ తగలకుండా వసారాలో పెట్టాం. తీసేయాలనుకున్న రోజు స్క్రూలు విప్పి మూతలు రీసైక్లింగ్‌కు ఇచ్చేయొచ్చు.