సొంత శైలి ఎవరికి కావాలి?

తోట వైకుంఠం బొమ్మను పోల్చుకోవడానికి చిత్రకళ గురించి ఏమీ తెలియనక్కరలేదు. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, నిగనిగలాడే నల్లని మేను, కళ్ళు చెదిరే ఎర్రని పచ్చని చీరలు, ఒంటినిండా నగలు. హోటల్ లాబీలో కనిపించినా, కేలెండర్ మీద కనిపించినా వైకుంఠం బొమ్మ అనేస్తారు. అదే పాత కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన పాకాల తిరుమల రెడ్డి బొమ్మను అలా పోల్చుకునేవారు ఎంతమంది? 1915లో పుట్టి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్‌లో చదివి, హైదరాబాద్‌లో స్థిరపడి 1996లో కన్నుమూసిన పి.టి. రెడ్డి తెలుగునాట ఆధునిక చిత్రకళకు దారి వేసిన వారిలో ముందువరసలో ఉంటారు. ఆయన రూపచిత్రాలు వేశారు, ప్రకృతి దృశ్యాలు వేశారు, రూపాన్ని కోణాలుగా విరిచి చూపే క్యూబిస్టుల పద్ధతి పట్టి చూశారు, శిల్పాలు చేశారు, తర్వాత తాంత్రిక ప్రతీకల్లోకి వెళ్ళారు. ఏ దశ బొమ్మ చూపిస్తున్నారో చెబితే తప్ప అది ఆయనదేనని తేల్చడం మామూలు ప్రేక్షకుడి వల్ల కాదు. ఆయన పేరు రావలసినంతగా జనంలోకి రాకపోవడానికి ఇదొక్కటే కారణం అనను. కానీ ఇదీ ఒక కారణమే అనుకుంటాను.

ఫైన్ ఆర్ట్స్ కళాశాలల నుంచి బయటికి వస్తున్న పిల్లలకు అందరూ చెప్పే మాట ఒకటుంది: బొమ్మ చూడగానే అది నీదని తెలియాలి. సలహా మంచిదే అన్నట్టు వినిపిస్తుంది. కానీ అలా తెలియవలసిన అవసరం ఎవరిదో అడిగి చూడండి. కొనేవాడిది, అమ్మేవాడిది, వ్యాసం రాసేవాడిది. బొమ్మ వేసేవాడికి దానితో పని పడేది చాలా ఆలస్యంగా, అదీ తన ప్రమేయం పెద్దగా లేకుండానే.

వైకుంఠం ఉదాహరణే ఇందుకు సాక్ష్యం. హైదరాబాద్‌లో చదువుకుని, బరోడా వెళ్ళి అక్కడ పాఠాలు చెప్పే చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని తిరిగి వచ్చాక కూడా ఇప్పుడు మనకు తెలిసిన ఆ స్త్రీలు వెంటనే ప్రత్యక్షం కాలేదు. ముందు పెన్సిల్, బొగ్గు గీతలు. మధ్యలో సినిమాకు కళాదర్శకత్వం. 1988 నాటి ‘దాసి’కి ఆయన జాతీయ అవార్డు అందుకున్నారు. చిన్నప్పుడు ఊళ్ళో చూసిన ఆడవేషగాళ్ళ అలంకారం, పల్లె ఆడవాళ్ళ నిండైన రూపం ఏళ్ళ తరబడి లోపల నానాకే ఆ ముఖాలు కాన్వాసు మీదికి వచ్చాయి. ముందు ఒక ముద్ర కావాలని కూర్చుని దాన్ని తయారు చేసుకోలేదు.

సుబ్రమణ్యన్ దగ్గరే చదివిన మరో తెలంగాణ చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్. గురువు కుడ్యచిత్రాలు, ఆటబొమ్మలు, టెర్రకోట, గాజు మీద చిత్రాలు అంటూ ఒకచోట నిలవని మనిషి. శిష్యుల్లో వైకుంఠం దాదాపు ఒకే లోకంలో స్థిరపడితే, లక్ష్మాగౌడ్ ఎచింగ్ (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే పద్ధతి) నుంచి కలం గీతకు, అక్కడి నుంచి మట్టికి, కంచుకు, గాజుకు తిరుగుతూ వచ్చారు. అయినా ఆ మేకలు, ఆ మగాళ్ళు, ఆడాళ్ళు, మొహమాటం లేని ఆ పల్లె శృంగారం ఏ మాధ్యమంలోనైనా ఆయనవే. ఇద్దరిలో ఎవరి బొమ్మా గురువు బొమ్మలా ఉండదు. సుబ్రమణ్యన్ గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది.

పత్రికల కోసం బొమ్మలు వేసినవారి సంగతి కొంచెం వేరు. బాపు గీతను మనం ఆయన ప్రతిభగా మాత్రమే చూస్తాం. దాని వెనక ప్రెస్సు కూడా ఉంది. ఆంధ్రపత్రిక నాటి వారపత్రికలు చవక కాగితం మీద అచ్చయ్యేవి. నీడలు, వెలుగులు ఉన్న బొమ్మ వేస్తే వాటిని చిన్న చిన్న చుక్కలుగా మార్చే హాఫ్‌టోన్ బ్లాకు చేయించాలి. ఆ కాగితం మీద చుక్కలన్నీ కలిసిపోయి ముఖం మసిబారేది. గీతలను మాత్రమే అచ్చువేసే లైన్ బ్లాకుకు ఖర్చు తక్కువ, గీత తేటగా పడేది. పైగా కథ చేతికి వచ్చాక బొమ్మ ఇవ్వడానికి గడువు ఎప్పుడూ తక్కువే. అలాంటి చోట పనికిరాని గీత ఒక్కటి కూడా లేకుండా వేయగలిగిన చేయి నిలిచింది. నాలుగు వంపుల్లో ఒక ఆడపిల్ల, రెండు గీతల్లో ఆమె విసుగు. ఆ పొదుపు నేర్పింది పత్రికాఫీసే. దాన్ని సౌందర్యంగా మార్చడం మాత్రం బాపు ఒక్కరే చేయగలిగారు.

ఆ విజయానికి ఒక దుష్ఫలితమూ ఉంది. బాపు బొమ్మ అన్నది అందమైన అమ్మాయికి మారుపేరై పోయింది, ఆయన చేతిరాత అక్షరాలు కంప్యూటర్‌లో ఫాంటుగా మారి శుభలేఖల మీదికి చేరాయి, ఆ తర్వాత రెండు తరాల పాటు కథల పక్కన సగం బాపు బొమ్మలు వేసే వాళ్ళు పుట్టుకొచ్చారు. పెద్ద కళ్ళు, వాలుజడ దిగుమతి అయ్యాయి. ఆ పొదుపు రాలేదు. అదే కాలంలో వడ్డాది పాపయ్య నీటిరంగులు తెలుగువాళ్ళ ఇళ్ళల్లోకి పత్రికల ముఖచిత్రాలుగా వచ్చాయి. చందమామ చదివిన పిల్లలకు వపా బొమ్మకూ, విక్రమార్కుణ్ణీ బేతాళుణ్ణీ వేసిన శంకర్ బొమ్మకూ తేడా ఎవరూ చెప్పకుండానే తెలిసేది. ఆ పత్రికకు ఇద్దరూ కావలసి వచ్చారు. ఒకే ముద్ర కావాలని సంపాదకుడు పట్టుబట్టి ఉంటే మన బాల్యం కొంచెం చప్పగా ఉండేది.

ఇక గ్యాలరీ సంగతి. లక్షలు పెట్టి బొమ్మ కొనేవాడికి ఇంటికొచ్చిన అతిథి దాన్ని గుర్తుపట్టాలి. రేపు వేలానికి పెడితే కేటలాగులో పక్క బొమ్మతో పోలిక కుదరాలి. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, డబ్బు అతనిది. చిక్కు వచ్చేది చిత్రకారుడు మారినప్పుడు. ఇందుకు అమెరికా చిత్రకారుడు ఫిలిప్ గస్టన్ కన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. 1950లలో న్యూయార్క్‌లో నైరూప్య చిత్రాలకు పేరుపడ్డ ఆయన 1970లో మార్ల్‌బరో గ్యాలరీలో పెట్టిన బొమ్మలు అందరినీ విస్తుపోయేలా చేశాయి. కార్టూన్లలాంటి మోటు గీతలు, ముసుగులు తొడుక్కుని సిగార్లు కాల్చే క్లూ క్లక్స్ క్లాన్ (అమెరికా జాత్యహంకార ముఠా) మనుషులు, గుట్టలు పడ్డ బూట్లు. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు హిల్టన్ క్రామర్ ఎగతాళి చేశారు. సంగీతకర్త మోర్టన్ ఫెల్డ్‌మన్‌తో చిరకాల స్నేహం తెగిపోయింది. గ్యాలరీతో ఒప్పందం కొనసాగలేదు. గస్టన్ మాత్రం 1980లో చనిపోయేదాకా ఆ దారిలోనే వేశారు, ఈ రోజు ఆయన పేరు చెప్పగానే ముందు గుర్తొచ్చేవి ఆ బొమ్మలే. ఇందులో మరో మెలిక ఉంది. ముసుగు మనుషులను ఆయన 1930 ప్రాంతంలోనే, కుర్రవాడిగా ఉన్నప్పుడే వేశారు. జనం ఆయన సొంత శైలి అనుకున్నది మధ్యలో వచ్చిన మజిలీ మాత్రమే.

జామినీ రాయ్ (1887–1972) కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలలో పాశ్చాత్య పద్ధతి నేర్చుకుని, తైలవర్ణ రూపచిత్రాలతో బతుకు వెళ్ళదీసి, 1920లలో ఆ పని వదిలి కలకత్తా కాళీఘాట్ గుడి దగ్గర అమ్మే జానపద పటాల వైపు, బెంగాల్‌లోని బంకురా పల్లె బొమ్మల వైపు తిరిగారు. బాదం గింజల్లాంటి కళ్ళు, గట్టి నల్లని అంచు, మట్టి రంగులు. ఆయన ఆ శైలిని ఉద్దేశపూర్వకంగా, మళ్ళీ మళ్ళీ వేయడానికి వీలుగా దిద్దుకున్నారు. ఇంట్లో కొడుకు చేయి కూడా పడేది, ఒకే బొమ్మకు ఎన్నో ప్రతులు వచ్చేవి, ధర మధ్యతరగతి ఇంటికి అందేలా ఉండేది. అసలు ప్రతి ఏది, ఎవరి చేయి ఎంత అన్న ప్రశ్నలను ఆయన లెక్కచేయలేదు. ఆ ప్రశ్నల మీదే బతికే మార్కెట్టు మాత్రం ఇప్పటికీ ఆయన బొమ్మల్లో నకిలీలను ఏరుకుంటూ అవస్థ పడుతోంది. నాకు ఆ అవస్థ చూస్తే కొంత ముచ్చటగానే ఉంటుంది.

తెలంగాణలో తరాలుగా కథాపటాలు వేసే చేర్యాల నకాషీల దగ్గరికి వెళితే ఈ చర్చకే పునాది కదులుతుంది. ఎర్రని నేపథ్యం, వరుసలుగా సాగే కథ. పటాన్ని చూపిస్తూ కులపురాణం చెప్పే కథకుడి కోసం వేసినవి అవి. దూరంగా కూర్చున్నవాడికి ఎవరు దేవుడో, ఎవరు రాజో తెలియాలి, అంతే. గుర్తుపట్టవలసింది పాత్రను. ఎవరు వేశారన్నది ఆ కుటుంబాల వాళ్ళకు తెలిస్తే చాలు. వ్యక్తి శైలి లేకుండా తరాల తరబడి గొప్ప చిత్రకళ సాగిందనడానికి ఇంతకన్నా దగ్గరి రుజువు మనకు అక్కరలేదు.

ఇప్పుడు ఈ ప్రశ్నకు కొత్త పదును వచ్చింది. 2025 మార్చిలో చాట్‌జీపీటీ బొమ్మలు చేసే కొత్త సదుపాయం తేగానే జపాన్ యానిమేషన్ సంస్థ స్టూడియో జిబ్లీ తరహాలోకి మారిన పెళ్ళి ఫొటోలతో మన ఫోన్లు నిండిపోయాయి. జిబ్లీ దర్శకుడు మియజాకీ బృందం దశాబ్దాల పాటు చేత్తో గీసి సాధించిన రూపం క్షణాల్లో వచ్చేసింది. కాపీరైటు చట్టం ఫలానా బొమ్మను కాపాడుతుంది, ఫలానా తరహాను కాపాడదు. మన 1957 చట్టమైనా అంతే. అంటే ఎంత తేలిగ్గా పోల్చుకోగలిగితే అంత తేలిగ్గా యంత్రం ఎత్తుకుపోతుంది. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి తొందరగా ఒక ముద్ర సంపాదించుకోమని చెప్పడమంటే, తాళం లేని పెట్టెలో సొమ్ము దాచుకోమనడమే. ఇన్‌స్టాగ్రామ్‌లో పని దొరకాలంటే పేజీ అంతా ఒకే తీరుగా కనిపించాలన్న మాట నిజమే. అద్దె కట్టవలసినవాడు ఆ పని చేస్తే నేను తప్పు పట్టను. అది వ్యాపారానికి వేసుకున్న బోర్డు అని అతనికి తెలిసి ఉంటే చాలు.

మార్పు రావలసింది చూపించేవాళ్ళలో. కొత్త చిత్రకారుల ప్రదర్శనకు పదిహేను బొమ్మలూ ఒకే కుదురు నుంచి వచ్చినట్టు ఉండాలన్న షరతును గ్యాలరీలు వదులుకోవచ్చు. విఫలమైనవాటితో సహా మూడు నాలుగు దారుల్లో వేసిన బొమ్మలు చూపించమని కళాశాలలు విద్యార్థిని అడగవచ్చు. హైదరాబాద్‌లో మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ లాంటి చోట పి.టి. రెడ్డి బొమ్మలను విద్యార్థి దశ నుంచి తాంత్రిక చిత్రాల దాకా సంవత్సరాల వరుసలో వేలాడదీసి, ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ వచ్చిందో ప్రేక్షకుడికి చూపించవచ్చు. ఆ గోడ ముందు నిలబడితే, ఆయనకు శైలి లేదన్న ఫిర్యాదు ఎంత నిలుస్తుందో అప్పుడు చూడవచ్చు.