భయానికి గిట్టుబాటు ధర

చిన్న చిన్న స్టూడియోలు, ఒక్కోసారి ఒక్కడే గదిలో కూర్చుని చేసే హారర్ గేమ్‌ల మీద వినియోగదారుల తరఫున ఎవరో ఒకరు నోరు విప్పాలి కదా, ఆ భారం నేనే ఎత్తుకుంటున్నాను.

2022లో వచ్చిన 'ఐరన్ లంగ్' చూడండి. రక్తపు సముద్రం, అందులో తుప్పు పట్టిన సబ్‌మెరైన్, లోపల మనం ఒక్కళ్లమే. ఉన్న ఒక్క కిటికీ కూడా మూసేశారు. బయటేముందో తెలియాలంటే బటన్ నొక్కాలి, నొక్కితే కాసేపటికి ఒక మసక ఫొటో వస్తుంది. మ్యాప్‌లో అంకెలు సరిచూసుకుంటూ గోడకి గుద్దుకోకుండా నడుపుతుంటే ఎక్కడో ఏదో గీరిన చప్పుడు, ఇక ఇంకో ఫొటో తీయాలంటే వేలు ముందుకి పోదు. బాగుంది, కాదనను. కానీ గంటో గంటన్నరో, అంతే! అంత పెద్ద సముద్రం పెట్టుకుని ఇంకో ముప్పై గంటలు తిప్పితే గేమ్ చేసినాయన సొమ్మేం పోయింది? మధ్యలో చేపలు పట్టే సైడ్ మిషన్ అయినా పెట్టొచ్చుగా.

అదృష్టం కొద్దీ, కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో మనకో రక్షణ ఉంది. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే డబ్బులు వాపస్. అంటే గేమ్ మొత్తం ఆడేసి, ఆ రాత్రి లైటు ఆర్పకుండా పడుకుని, పొద్దున లేచి రిఫండ్ కొట్టొచ్చు. హోటల్లో ఫుల్ మీల్స్ తిని, ఆకు మడిచి, డబ్బులు వెనక్కివ్వమంటే తంతారు. ఇక్కడ తన్నరు. 2021లో 'సమ్మర్ ఆఫ్ 58' చేసిన ఎమికా గేమ్స్ దీని మీదే అలిగింది: రివ్యూలు బాగున్నాయి, రిఫండ్లే ఎక్కువయ్యాయి, గేమ్‌లు చేయడం నిరవధికంగా ఆపేస్తున్నాం అని ప్రకటించింది. మంచి రివ్యూ రాశాం కదయ్యా, డబ్బులు కూడా కావాలా?

ఇక మార్కులు వేసే పద్ధతి. మధ్యాహ్నం పూట కర్టెన్లన్నీ తీసి, సౌండ్ తగ్గించి, పక్కన ఫోన్లో మ్యాచ్ పెట్టుకుని, దెయ్యం మూల తిరిగే సమయానికి అమ్మ గ్యాస్ కట్టేయమంటే పాజ్ చేసి, కట్టేసి వచ్చి, చివర్లో "అస్సలు భయం వెయ్యలేదు, పదికి మూడు" అని రాయాలి. నిష్పాక్షికత అంటే అదే. దెయ్యానికి దమ్ముంటే ట్యూబ్‌లైట్ కింద భయపెట్టాలి గానీ హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, గది చీకటి చేసుకోండి అని మనకి హోంవర్క్ ఇవ్వడమేంటి?

ఇలాంటి తీర్పుల వల్ల మేలు జరగదనేవాళ్లకి స్కాట్ కాథన్ గురించి తెలియదు. ఆయన ముద్దుగా చేసిన పిల్లల గేమ్‌లో పాత్రలు మరబొమ్మల్లా కదులుతున్నాయి, చూస్తే దడుపు పుడుతోంది అని జనం తిట్టిపోశారు. ఆయన అలాంటి మరబొమ్మలతోనే 2014లో 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్' చేసి కోట్లు గడించాడు. తిట్టినవాళ్లకి రూపాయి రాయల్టీ అందినట్టు నేనైతే వినలేదు. అసలు ఆ గేమ్‌లో టెన్షనంతా కరెంటుదే. తలుపులు మూసినా, కెమెరాలు చూసినా కరెంటు ఖర్చవుతుంది, తెల్లారి ఆరులోపు అయిపోతే చీకట్లో ఎలుగుబంటి బొమ్మ వస్తుంది. వేసవి కోతల్లో పెరిగిన మాకు ఇది హారర్ కాదండీ, పైగా మాకు బొమ్మ బదులు దోమలొచ్చేవి, అవి ఆరింటికి వెళ్లిపోయేవి కూడా కావు.

మొన్న ఇంకో చిన్న స్టూడియో డెమో ఉచితంగా పెడితే ఆడాను. పక్కింటివాళ్లు తలుపు కొట్టేంత గట్టిగా అరిచాను కూడా. విష్‌లిస్టులో పెట్టుకున్నాను. తొంభై శాతం తగ్గింపు వచ్చినప్పుడు కొని, భయం వేసిందో లేదో అప్పుడు చెప్తాను.