నాలుగు క్లిక్కులు చాలు అంటున్న మెసేజ్‌కి నా జవాబు

రెండు వారాలుగా మన వైజాగ్ డెవలపర్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే మూడు గ్రూపుల నుంచి వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకుని అందరూ కలిసి పనిచేసే సైట్) రిపోజిటరీ (ఒక ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు, రెపో అంటాం) సెట్టింగ్స్‌ని ఫైల్లో కోడ్‌గా రాసి పెట్టుకోవడం పెద్ద కంపెనీల సోకు, చిన్న టీములకి దండగ. సెట్టింగ్స్ ఒకసారి పెడితే మళ్లీ ముట్టుకునే పనే ఉండదు. ఎవరు మార్చారో ఆడిట్ లాగ్ (మార్పుల చిట్టా) చూస్తే తెలిసిపోతుంది. టెర్రాఫార్మ్‌లో (ఫైల్లో రాసినట్టు సెట్టింగ్స్‌ని మార్చే టూల్) ఒక్క లైను తప్పు పడితే రెపోలన్నీ ఎగిరిపోతాయి. ఎలాగూ అడ్మిన్ వెబ్ పేజీలోకి వెళ్లి మార్చేయగలడు కాబట్టి ఆ కోడ్ ఉన్నా లేనట్టే. నాలుగు క్లిక్కులతో అయ్యే పనికి ఇంత హడావిడి దేనికి?

రాసినవాళ్లెవరో నాకు తెలియదు, వాళ్ల మీద కోపమూ లేదు. కానీ ఇది చదివి మా పక్క ఆఫీసు టీమువాళ్లు, నెల రోజులు కష్టపడి రాసుకున్న కాన్ఫిగ్‌ని (ఆ సెట్టింగ్స్ ఫైళ్లని) తీసి పక్కన పడేద్దామా అని నన్ను అడిగారు. అందుకే కూర్చుని రాస్తున్నా. మాది రుషికొండ ఐటీ హిల్స్‌లో చిన్న టీము. పదకొండు మందిమి, రెపోలు నలభై పైన.

ముందు "ఒకసారి పెడితే మళ్లీ ముట్టుకోం" అన్న మాట చూద్దాం, ఎందుకంటే మిగతా మెసేజ్ మొత్తం దీని మీదే నిలబడింది. మా దగ్గర ఏం జరిగిందో చెప్తా. ఒక శుక్రవారం రాత్రి పదింటికి పేమెంట్ పేజీ ఆగిపోయింది. రివ్యూ చేయాల్సిన ఇద్దరిలో ఒకరు నిద్రపోయారు, ఇంకొకరు ట్రైన్‌లో ఉన్నారు, తుని దాటాక ఫోన్ కలవలేదు. కస్టమర్ల నుంచి వరసగా కాల్స్, అందరికీ టెన్షన్. మా లీడ్ ఐదు నిమిషాల కోసమని మెయిన్ బ్రాంచ్ (అందరి పనీ చేరే అసలు కోడ్) మీద ప్రొటెక్షన్ (రివ్యూ లేకుండా మార్చనివ్వని రూల్) తీసేసి, ఫిక్స్ పుష్ చేసి, పేజీ లేచిందని చూసుకుని పడుకున్నాడు. ఆ పరిస్థితిలో నేనైనా అదే చేసేవాణ్ణి, అతన్ని తప్పుపట్టను. ప్రొటెక్షన్ మళ్లీ పెట్టాలన్నది మాత్రం ఎవరికీ గుర్తులేదు. పందొమ్మిది రోజులు గడిచాయి. కొత్తగా చేరిన అమ్మాయి రీబేస్ చేస్తూ (తన మార్పుల్ని కొత్త కోడ్ మీద పేర్చుకుంటూ) తన దగ్గరున్న పాత కాపీని మెయిన్ మీదకి ఫోర్స్ పుష్ చేసింది, అంటే అక్కడున్నదాన్ని చెరిపి తనది పెట్టింది. సిస్టమ్ ఒప్పుకుంది కదా, సరైనదే అనుకుంది. మర్నాడు పొద్దున్నే ఒక కుర్రాడు వచ్చి "అన్నా, నిన్నటి నా కమిట్లు మెయిన్‌లో లేవేంటి?" అని అడిగితే గానీ మాకు తెలియలేదు. ముగ్గురి రెండు రోజుల పని. ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో కాపీ ఉండబట్టి దొరికింది గానీ, దాన్ని మళ్లీ అతికించడానికి ఒక శనివారం మొత్తం పోయింది. ఆ అమ్మాయి ఆ రోజంతా ఎవరి మొహం చూడలేకపోయింది. నాకు ఇప్పటికీ బాధనిపించేది అదే, ఎందుకంటే తప్పు ఆమెది కాదు. ప్రొటెక్షన్ ఉందనే పదకొండు మందిమీ అనుకుంటున్నాం.

ఇలాంటి రాత్రులు అరుదు అనొచ్చు. సరే, అరుదు కానివి చూడండి. సీఐలో (టెస్టుల్ని తనంతట తానే నడిపే ఏర్పాటు) ఒక జాబ్ పేరు మార్చారనుకోండి. మెర్జ్‌కి (మార్పుని మెయిన్‌లో కలపడానికి) ముందు ఫలానా చెక్ పాస్ అవ్వాలి అన్న రూల్‌లో పాత పేరే ఉంటుంది. ఆ పేరుతో ఇక ఏ చెక్కూ నడవదు కాబట్టి ప్రతి పుల్ రిక్వెస్టూ (మార్పుని చూసి కలపమని పెట్టే అభ్యర్థన) ఎదురుచూస్తూ ఆగిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు వెళ్లి ఆ చెక్ అవసరం లేదని టిక్ తీసేస్తారు, పని నడుస్తుంది, కొత్త పేరు చేర్చడం మర్చిపోతారు. అక్కడి నుంచి టెస్టులు ఫెయిలైనా మెర్జ్ అవుతుంది. ఇది నేను పనిచేసిన ప్రతి టీములోనూ చూశాను. ఇంకొకటి: 2020 అక్టోబర్ 1 నుంచి గిట్‌హబ్‌లో కొత్త రెపోల డిఫాల్ట్ బ్రాంచ్ పేరు మాస్టర్ నుంచి మెయిన్ అయింది కదా, పాత రెపోల్లో కూడా చాలామంది మార్చుకున్నారు. గిట్‌హబ్‌లో రీనేమ్ చేస్తే రూల్ కూడా వెంట వస్తుంది. చేత్తో కొత్త బ్రాంచ్ చేసుకుని దాన్ని డిఫాల్ట్‌గా పెట్టుకుంటే రూల్ మాస్టర్ దగ్గరే ఉండిపోతుంది. మా రెండు రెపోల్లో సరిగ్గా ఇదే, రూల్ ఎవరూ వాడని బ్రాంచిని కాపలా కాస్తోంది. కాన్ఫిగ్ రాయడానికి కూర్చున్న రోజునే అది మా కంటపడింది. నాలుగు క్లిక్కుల లెక్క ఒక్క రెపోకి, ఒక్క రోజుకి సరిపోతుంది. నలభై రెపోలు, మూడేళ్లు, మధ్యలో చేరినవాళ్లు, మానేసినవాళ్లు అంటే ఆ లెక్క నిలవదు.

తర్వాతిది ఆడిట్ లాగ్. లాగ్ ఉండటం మంచిదే, నేను కాదనను. కానీ గిట్‌హబ్‌లో సంస్థ ఆడిట్ లాగ్ 180 రోజుల వరకే ఉంటుంది, అదీ ఓనర్లకే కనిపిస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు అన్నంత వరకు చెబుతుంది. ఎందుకు మార్చారో అందులో ఉండదు, ఆ ఎందుకు అన్నదే మనకి కావలసింది. ఈ రెపోకి ఒక్క అప్రూవల్ చాలని, ఆ రెపోకి రెండు కావాలని ఎవరో ఎప్పుడో ఆలోచించే పెట్టి ఉంటారు. రెండేళ్ల తర్వాత అతను హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లిపోయాక, ఇది కావాలని పెట్టిందా పొరపాటున పడిందా అని అడిగితే చెప్పేవాడు ఉండడు. తీసేయాలంటే భయం, ఉంచాలంటే అడ్డం. అదే యామల్ (సెట్టింగ్స్ రాసే ఒక ఫైల్ రకం) ఫైల్లోనో టెర్రాఫార్మ్ ఫైల్లోనో లైనుగా ఉంటే, ఆ లైను ఏ పుల్ రిక్వెస్ట్‌లో వచ్చింది, అక్కడ ఎవరు ఏమన్నారు, ఎవరు ఒప్పుకున్నారు అన్నది గిట్ చరిత్రలో దొరుకుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. లాగ్ జరిగిపోయాక చెబుతుంది, రివ్యూ జరగకముందే ఆపుతుంది. కోడ్‌లో కామా మారిస్తే ఇద్దరు చూడాలని పట్టుబట్టే మనం, ఆ ఇద్దరూ చూడాలన్న రూల్‌నే ఒక్కడు ఎవరికీ చెప్పకుండా తీసేయగలిగేలా వదిలేస్తున్నాం.

ఇక టెర్రాఫార్మ్‌లో ఒక్క లైనుతో రెపోలు ఎగిరిపోతాయన్నది. ఇందులో నిజం ఉంది, ఆ మెసేజ్ మొత్తంలో నేను గౌరవించే పాయింట్ ఇదొక్కటే. రెపోని చెప్పే బ్లాకుని ఫైల్లోంచి తీసేసి అప్లై (ఫైల్లో ఉన్నదాన్ని అమలుచేసే ఆదేశం) కొడితే టెర్రాఫార్మ్ ఆ రెపోని నిజంగానే డిలీట్ చేస్తుంది. పేరు మార్చినా కొన్నిసార్లు పాతది తీసేసి కొత్తది పెట్టాలనుకుంటుంది. భయపడాల్సిందే. అయితే భయానికి మందు కూడా అక్కడే ఉంది, మెసేజ్‌లో అది చెప్పలేదు. టెర్రాఫార్మ్‌ని గిట్‌హబ్‌తో కలిపే గిట్‌హబ్ ప్రొవైడర్‌లో ఆర్కైవ్ ఆన్ డిస్ట్రాయ్ అని ఒక ఆప్షన్ ఉంది, అది ఆన్ చేస్తే డిలీట్ చేయాల్సిన చోట రెపోని ఆర్కైవ్ మాత్రమే (చదవడానికి మాత్రమే మిగిలేలా) చేస్తుంది. టెర్రాఫార్మ్‌లోనే ప్రివెంట్ డిస్ట్రాయ్ అని ఇంకొకటి ఉంది, అది పెట్టిన దాన్ని తీసేసే ప్లాన్ (అప్లైకి ముందు ఏం మారబోతుందో చూపే జాబితా) వస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది (బ్లాకునే మొత్తం చెరిపేస్తే ఈ కాపలా కూడా దానితోపాటే పోతుంది, అందుకే ఇదొక్కటే నమ్ముకోకండి). మీరు వాడేది క్లాసిక్ టోకెన్ (గిట్‌హబ్‌లో పాస్‌వర్డ్ బదులు టూల్‌కి ఇచ్చే ఒక రకం కీ) అయితే రెపో డిలీట్ చేసే హక్కు అందులో విడిగా ఇవ్వాల్సిన స్కోప్. ఇవ్వకండి, అంతే. టెర్రాఫార్మ్ అడిగినా గిట్‌హబ్ ఒప్పుకోదు. పేర్లు మార్చేటప్పుడు మూవ్‌డ్ బ్లాక్ (పాత పేరే ఇప్పుడు ఈ కొత్త పేరు అని టెర్రాఫార్మ్‌కి చెప్పే ముక్క) రాయండి. ఇవన్నీ దాటి పోయినా, డిలీట్ అయిన రెపోల్లో చాలావాటిని 90 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ప్లాన్ చదవకుండా అప్లై కొట్టకూడదు. ప్లాన్ అవుట్‌పుట్ పుల్ రిక్వెస్ట్‌లోనే కనిపించేలా పెట్టుకుంటే, ఏదో డిస్ట్రాయ్ అవుతుందన్న లైను రివ్యూ చేసేవాళ్ల కళ్ల ముందే ఉంటుంది. వెబ్ పేజీలో తప్పు టిక్ పెడితే ముందు ఎవరికీ కనిపించదు కదా. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి: స్టేట్ ఫైల్లో (టెర్రాఫార్మ్ తన లెక్క రాసుకునే ఫైల్) సీక్రెట్లు మామూలు అక్షరాల్లోనే పడతాయి. పాస్‌వర్డులు, కీలు దీనిలో పెట్టకండి, స్టేట్ ఫైల్‌ని రెపోలోకి కమిట్ చేయకండి.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది, మెసేజ్ దాని ఊసే ఎత్తలేదు. ప్రోబాట్ సెట్టింగ్స్ అని ఒక యాప్ ఉంది, సులువు కాబట్టి చాలామంది దానితోనే మొదలుపెడతారు. దానిలో సెట్టింగ్స్ ఫైల్ ప్రతి రెపోలోనే ఉంటుంది. డిఫాల్ట్ బ్రాంచ్‌లోకి పుష్ చేయగలిగిన ప్రతివాడూ ఆ ఫైల్ మార్చి తనని తానే అడ్మిన్ చేసుకోవచ్చు. ఆ యాప్ తయారుచేసినవాళ్లే తమ రీడ్‌మీలో ఈ హెచ్చరిక రాశారు. కోడ్‌ఓనర్స్ (ఏ ఫైల్ మార్పుకి ఎవరు ఒప్పుకోవాలో చెప్పే జాబితా) పెట్టి, బ్రాంచ్ ప్రొటెక్షన్ గట్టిగా ఉంటేనే దాన్ని వాడండి. లేదా సేఫ్ సెట్టింగ్స్ లాంటిది చూడండి, అందులో కాన్ఫిగ్ అంతా ఒక్క అడ్మిన్ రెపోలో ఉంటుంది, దానికి తాళం వేస్తే చాలు.

అడ్మిన్ ఎలాగూ వెబ్‌లో మార్చేస్తాడు కదా అన్నదానికి వద్దాం. మార్చేస్తాడు, మార్చనివ్వండి. రాత్రి పదింటికి సైట్ పడిపోతే పుల్ రిక్వెస్ట్ పెట్టి రివ్యూ కోసం ఎదురుచూడమని నేను చెప్పను. మాకు ఇప్పుడు రోజూ పొద్దున ఆరింటికి ఒక జాబ్ టెర్రాఫార్మ్ ప్లాన్ నడుపుతుంది. డీటెయిల్డ్ ఎగ్జిట్ కోడ్ ఆప్షన్‌తో నడిపితే ఏ తేడా లేనప్పుడు సున్నా, ఉన్న సెట్టింగ్‌కీ ఫైల్లో రాసినదానికీ తేడా ఉంటే 2 వస్తుంది. 2 వస్తే గ్రూప్‌లో మెసేజ్ పడుతుంది, అంతే. అప్పుడు రెండే దారులు: ఆ మార్పు కావాలంటే ఫైల్లోకి ఎక్కించాలి, వద్దంటే అప్లై కొట్టి పాత స్థితికి తేవాలి. ఇది అప్పుడే ఉండి ఉంటే ఆ పందొమ్మిది రోజులు ఒక్క రాత్రితో ముగిసేవి, ఆ అమ్మాయికి ఆ రోజు వచ్చేది కాదు. ఒక పరిమితి ఉంది. టెర్రాఫార్మ్ తనకి అప్పగించినవాటినే చూస్తుంది. ఎవరైనా చేత్తో కొత్త వెబ్‌హుక్ (రెపోలో ఏదైనా జరిగితే బయటి సైట్‌కి కబురు పంపే ఏర్పాటు) పెడితే దానికి తెలియదు. బయటి మనుషుల యాక్సెస్ విషయంలో ఒక్కొక్కరినీ విడిగా రాసే రిసోర్స్ (టెర్రాఫార్మ్ ఫైల్లో ఒక బ్లాక్) కాకుండా, రెపో మొత్తం కొలాబరేటర్ల జాబితాని ఒకేచోట రాసే రిసోర్స్ వాడితే అదనంగా చేరినవాళ్లు ప్లాన్‌లో బయటపడతారు. మేము దానికే మారాం.

పెద్ద కంపెనీల సోకు అన్నదానికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రస్ట్ భాష ప్రాజెక్టులో ఎవరు ఏ టీములో ఉన్నారు, ఏ రెపోకి ఏ రూల్ అన్నది టీమ్ అనే రెపోలో టామ్‌ల్ (యామల్ లాంటిదే ఇంకో రకం) ఫైళ్లుగా ఉంటుంది. కుబెర్నెటిస్ ప్రాజెక్టులో కొత్త సభ్యుడు చేరాలంటే ఆర్గ్ రెపోలోని యామల్‌లో పేరు ఎక్కాలి, పెరిబోలోస్ అనే టూల్ దాన్ని గిట్‌హబ్‌కి చేరుస్తుంది. అపాచీ ప్రాజెక్టుల్లో ఏఎస్ఎఫ్ యామల్ ఫైల్‌తో మెర్జ్ బటన్లు, బ్రాంచ్ ప్రొటెక్షన్ మార్చుకుంటారు. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. వీటిలో పనిచేసేవాళ్లు ఎక్కడెక్కడో ఉంటారు, చాలామంది ఖాళీ దొరికినప్పుడే వస్తారు, వేరే టైమ్‌జోన్‌లో ఉన్న అడ్మిన్‌ని లేపి అడిగే వీలుండదు. మన చిన్న టీముల పరిస్థితీ దానికి దగ్గరే, అన్నీ తెలిసిన మనిషి ఒక్కడే ఉంటాడు, అతను సెలవులో ఉంటాడు.

ఇంకొక్క మాట, మెసేజ్‌లో లేకపోయినా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎంవీపీ కాలనీలో మా ఇల్లు నిలబడింది, కిటికీలు పగిలి బీరువాలోని కాగితాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఇల్లు ఉంది, ఇల్లు మాదే అని చూపే కాగితం లేదు, దానికోసం మా నాన్న నెలల తరబడి తిరిగారు. రెపో కూడా అంతే. క్లోన్ చేస్తే (మొత్తం కాపీ తెచ్చుకుంటే) కోడూ చరిత్రా వస్తాయి. బ్రాంచ్ రూల్స్, టీముల హక్కులు, వెబ్‌హుక్‌లు, తప్పనిసరి చెక్‌లు ఏవీ రావు. 2018 జూన్ 28న జెంటూ లినక్స్ వాళ్ల గిట్‌హబ్ సంస్థ అకౌంట్ ఎవరో అడ్మిన్ పాస్‌వర్డ్ సంపాదించి చేజిక్కించుకుని, డెవలపర్లందరినీ తీసేశారు. అలాంటి రోజున ఎవరికి ఏ హక్కు ఉండేది అన్న జాబితా ఆ అకౌంట్ బయట ఎక్కడో ఉండాలి. మీ ల్యాప్‌టాప్‌లో క్లోన్‌గా ఉన్న కాన్ఫిగ్ రెపో అదే.

పక్క ఆఫీసువాళ్లకి కాన్ఫిగ్ తీసేయొద్దని చెప్పాను. వాళ్ల అసలు ఇబ్బంది ఏంటంటే ముప్పై రెపోలకి ఒకేసారి రాయబోయి ప్లాన్‌లో వందల తేడాలు చూసి బెదిరిపోయారు. టెర్రాఫార్మ్ 1.5 నుంచి ఇంపోర్ట్ బ్లాక్ ఉంది, ఉన్న రెపోని చూసి కాన్ఫిగ్ కూడా అదే రాసిపెడుతుంది. మంగళవారం సాయంత్రం వెళ్తున్నా. ముందు ఐదు రెపోలే తీసుకుంటాం, ఏమీ మార్చకుండా ఉన్నది ఉన్నట్టు ఎక్కించి, ప్లాన్‌లో ఒక్క తేడా కూడా రాని దాకా కూర్చుంటాం. మధురవాడ వైపు ఎవరైనా ఇదే పనిలో ఉంటే మీరూ ల్యాప్‌టాప్ పట్టుకుని రండి.