ఫాంటసీ నవలకి షూరిటీ సంతకం

ఎవరికీ హామీ సంతకం పెట్టొద్దని మా నాన్న చిన్నప్పుడే చెప్పారు. ఆ మాట మీద చాలా ఏళ్లు నిలబడ్డాను. చిన్నాన్న కొడుకు చిట్టీ పాడుకుని షూరిటీ కోసం వస్తే, ఆ వారమంతా ఊళ్లో లేనని ఇంట్లోంచే చెప్పించాను. అంతటి జాగ్రత్తపరుణ్ణి, 2012లో ఒక సాయంత్రం మా బావమరిది చేతిలో జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ఫాంటసీ నవల ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ పెట్టి, “చదవరా, గ్యారంటీ నాది” అన్నాను. ఆ గ్యారంటీ ఇంకా నడుస్తోంది.

ఫాంటసీ సిరీస్‌లు సిఫార్సు చేసేవాళ్ల మీద ఈ దేశంలో ఏ నియంత్రణా లేకపోవడం విచారకరం. ప్రెషర్ కుక్కర్‌కి ఐఎస్ఐ ముద్ర ఉంది. నెయ్యికి అగ్‌మార్క్ ఉంది. చేబదులు కాస్త పెద్దదైతే ప్రోనోటు, దాని మీద రెవెన్యూ స్టాంపు. ఒక సంసారి జీవితంలోంచి కొన్ని వేల పేజీల కాలాన్ని లాగేసుకునే వ్యవహారానికి మాత్రం “అదిరిపోతుంది, చదువు” అన్న నోటిమాట చాలు!

లెక్క చూడండి. నేనిచ్చిన ఆ నవల ఒక సిరీస్‌లో మొదటి పుస్తకం, 1996లో వచ్చింది. రెండోది 1998, మూడోది 2000. వాయిదాలు పద్ధతిగానే పడ్డాయి. 2005లో వచ్చిన నాలుగో దాంట్లో సగం ముఖ్య పాత్రలు లేవు. మావాడు అర్ధరాత్రి ఫోన్ చేసి “టిరియన్ ఏడీ బావా?” అని అడిగాడు. తప్పిపోయిన పిల్లాడి గురించి పోలీస్ స్టేషన్‌లో అడిగే గొంతు అది. మిగతా సగం వచ్చే ఏడాది వస్తుందని ఆశపడుతున్నట్టు రచయిత ఆ పుస్తకం చివర రాశారు. వచ్చింది, 2011లో. ఆరోది ఇంకా రాలేదు. అదే 2011లో ఆ కథతోనే మొదలైన టీవీ సీరియల్ వాళ్లు 2019కల్లా తాళి కట్టించి, భోజనాలు పెట్టి, పందిరి కూడా విప్పుకుని వెళ్లిపోయారు. పుస్తకం చదివినవాళ్లం ఇంకా ఎదురుకోలు పళ్లేలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాం.

ఇందులో మార్టిన్ గారిని అనడానికేం లేదు. ఆయన మనకేమీ నోటు రాసివ్వలేదు. ఆయన కథ, ఆయనిష్టం. దోషి సిఫార్సు చేసినవాడే. మా బావమరిది కూడా చట్టం తెలిసినవాడిలాగే ప్రవర్తిస్తున్నాడు. పండక్కి వచ్చినప్పుడు పూర్వం “బావా, బాగున్నావా?” అనేవాడు. ఇప్పుడు చెప్పులు విప్పుతూనే “వచ్చిందా?” అంటాడు. నేను తల దించుకుని “ఇంకా లేదు” అంటాను. మా అత్తగారు దీన్ని రెండు మూడు పండగలు గమనించి, మా ఇద్దరి మధ్య డబ్బు లావాదేవీ ఏదో ఉందని తేల్చుకున్నారు.

పాత బాకీ కింద ఇంకో సిరీస్ ఇద్దామనుకున్నాను. ఈసారి పూర్తయినదే. ‘ద వీల్ ఆఫ్ టైమ్’, పద్నాలుగు పుస్తకాలు. 1990లో రాబర్ట్ జోర్డన్ మొదలుపెట్టి, కథ తేలకుండానే 2007లో కన్నుమూశారు. ఆయన భార్య హారియట్, బ్రాండన్ శాండర్సన్ అనే కుర్ర రచయితని ఎంచుకుని, జోర్డన్ వదిలి వెళ్లిన నోట్సు అప్పగించారు. ఒక్క పుస్తకంగా ముగియాల్సింది మూడయింది. 2013 జనవరికల్లా అసలూ వడ్డీ కలిపి చెల్లు. వారసుడంటే అలా ఉండాలి.

కాకపోతే సిఫార్సు చేసేటప్పుడు “మధ్యలో కొంచెం ఓపిక పట్టాలి” అన్న మాటని మనం ఎప్పుడూ దగ్గుతూ చెబుతాం. 2003లో వచ్చిన పదో పుస్తకంలో చాలా భాగం, తొమ్మిదో పుస్తకం చివర జరిగిన ఒక పెద్ద సంగతిని ఎవరెవరు ఎక్కడెక్కణ్ణుంచి చూసి ఆశ్చర్యపోయారో చెప్పడానికే సరిపోయింది. ఈ లోపు నైనీవ్ అనే అమ్మాయి కోపం వచ్చినప్పుడల్లా తన జడ తనే లాక్కుంటూ ఉంటుంది. మావాడు అక్కడ పుస్తకం మూసి, “చక్రం తిరుగుతూనే ఉంది బావా, బండే కదలట్లేదు” అన్నాడు. నిజానికి నాకు ఆ సిరీస్ ప్రాణం. అయినా ఆ రోజు ఎదురు చెప్పలేకపోయాను.

ప్యాట్రిక్ రోత్‌ఫస్ పుస్తకాలు మాత్రం వాడికి కనపడకుండా బీరువా పైన, అట్లతద్ది వాయనం చేటల వెనక దాచాను. అందులో హీరో తన జీవితకథని మూడు రోజుల్లో చెబుతానంటాడు. రోజుకో పుస్తకం. మొదటి రోజు 2007లో గడిచింది, రెండోది 2011లో. మూడో రోజు ఇంకా తెల్లవారలేదు. ఆ వచనం ఎంత బాగుంటుందంటే, ఎవరికో ఒకరికి ఇచ్చేద్దామని చెయ్యి దురద పెడుతుంది.

మనవాళ్లకి ఈ తెలివి ముందే ఉంది. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీ మజిలీ కథలు’ చూడండి. మణిసిద్ధుడితో కాశీకి తోడు వెళ్లే గోపకుమారుడు బయల్దేరకముందే షరతు పెడతాడు: దారిలో తను చూసిన వింత గురించి అడిగితే కథ చెప్పాలి, లేదంటే వెనక్కి వెళ్లిపోతాడు. పాఠకుడి హక్కుల పత్రం అంటే అదీ! పన్నెండు భాగాలు నడిచింది.

ఇన్ని దెబ్బలు తిన్నాక కూడా కళ్లు మూసుకుని సంతకం పెట్టగలిగేవి నాకు రెండున్నాయి. ఒకటి అర్సులా లెగ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’, 1968. చిన్న పుస్తకం, పొద్దున తీసుకుని సాయంత్రానికి తిరిగిచ్చేసే చేబదులు లాంటిది. గెడ్ అనే కుర్రాడు పొగరుతో చెయ్యకూడని మంత్రం చేసి ఒక నీడని లోకం మీదికి వదులుతాడు, తర్వాత దాన్నుంచి పారిపోతాడు. ఆ లోకంలో అసలు పేరు తెలిస్తే మనిషి మీదైనా రాయి మీదైనా పట్టు దొరుకుతుంది. మా అమ్మమ్మ తాతయ్య పేరు ఎందుకు పలికేది కాదో, దాని సాంకేతిక కారణం నాకు అక్కడే బోధపడింది. 1972కల్లా మూడు పుస్తకాలతో లెక్క మూసేసి, పద్దెనిమిదేళ్ల తర్వాత ఎవరూ అడక్కుండానే వచ్చి నాలుగోది ఇచ్చి వెళ్లారావిడ. అలాంటి బాకీదారుని నేనెక్కడా చూడలేదు.

రెండు, టెర్రీ ప్రాచెట్ ‘డిస్క్‌వరల్డ్’. 1983 నుంచి 2015 దాకా నలభై ఒక్క నవలలు, ఏ వాయిదాకి ఆ వాయిదా చెల్లు. పళ్లెం లాంటి భూమి, దాని కింద నాలుగు ఏనుగులు, వాటి కింద తాబేలు. మనకి ఏనుగులు ఎనిమిది. ఆయన ఖర్చు తగ్గించుకున్నారు. ‘మోర్ట్’తో మొదలుపెట్టండి. మృత్యుదేవుడు పల్లెటూరి కుర్రాణ్ణి అప్రెంటిస్‌గా పెట్టుకుంటాడు. ఇంగ్లీషులో ఆ దేవుడు మొత్తం పెద్దక్షరాల్లో మాట్లాడతాడు. మనకి పెద్దక్షరాలే లేవు కాబట్టి, తెలుగులోకి తెస్తే యముడు గొంతు చించుకోవాల్సిందే. ప్రాచెట్ పోయాక, ఆయన కోరిక ప్రకారం, అసంపూర్తి రచనలున్న హార్డ్ డిస్క్‌ని 2017లో ఆవిరి రోడ్డురోలరు కింద తొక్కించారు. తెగిన నోటు చింపెయ్యడం మన దగ్గరా ఉంది గానీ, ఇంత ఘనంగా కాదు.

ఈ అనుభవంతో ఒక దరఖాస్తు తయారుచేశాను. ప్రకటించిన పుస్తకాలెన్ని, వచ్చినవెన్ని. కథ మొదలయ్యే పేజీ నంబరు. ముందు మ్యాపు ఉందా, ఉంటే అందులో ఎంత భాగం కాలినడకన తిప్పుతారు. చివర షూరిటీ సంతకం.

మొన్న బావమరిదే స్వయంగా వచ్చాడు. శాండర్సన్ సొంతంగా ‘స్టార్మ్‌లైట్’ అని పది పుస్తకాలు తలపెట్టాడట. 2010 నుంచి 2024 దాకా ఐదు వచ్చాయి, ఒక్కోటి వెయ్యి పేజీల పైమాటే. “ఊరి బాకీ తీర్చినవాడు, సొంత బాకీ తీర్చడా బావా?” అన్నాడు. వాదన బాగానే ఉంది. దరఖాస్తు చేతికిచ్చి, షూరిటీ దగ్గర మీ అక్కతో పెట్టించుకోమన్నాను. ఆవిడ కళ్లజోడు తెచ్చుకుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, పెన్ను పక్కన పెట్టి అడిగింది: “ఇది ఎన్ని నెలల చిట్టీ?”