డాల్ఫిన్ల లెక్క సరే, వలల లెక్కేదీ?

చిలికా సరస్సులో డాల్ఫిన్ల లెక్క తేలినప్పుడల్లా ఒడిశాలో అదో పెద్ద వార్త. నాలుగు పెరిగితే ప్రభుత్వం ఘనత, నాలుగు తగ్గితే ఏ మూలకో వెళ్లి ఉంటాయిలే అని సర్దుబాటు. కొన్నేళ్లుగా ఆ అంకె 150కి అటూ ఇటూగా ఊగుతోంది. దాని పక్కన ఇంకో అంకె కూడా ఉండాలి. ఆ డాల్ఫిన్ల మధ్యే బతికే జాలరి వలలో ఈ ఏడాది ఎంత పడింది? ఇది మాత్రం ఎవరూ అడగరు.

ఈ రెండూ వేర్వేరు లెక్కలు అనుకోవడం దగ్గరే తప్పు మొదలైంది. కొరాలీ డి లీమా అనే శాస్త్రవేత్త బృందం చిలికా మీద 2014లో ప్రచురించిన పరిశోధన నాకు ఇందుకే నచ్చుతుంది. వాళ్లు డాల్ఫిన్లను చూసి ఊరుకోలేదు, వలలో పడిన చేపనూ లెక్కగట్టారు. బురదలో కర్రలు పాతి కట్టే వలల దగ్గర కాపు కాశారు. వేటకొచ్చిన డాల్ఫిన్లు సగం సమయం ఆ వలల దగ్గరే తిరుగుతున్నాయని తేలింది. అవి ఉన్నప్పుడు ముల్లెట్ చేప ఎక్కువ పడుతోంది, జాలరి చేతికొచ్చే డబ్బూ ఎక్కువే. డాల్ఫిన్ వస్తే వల నిండుతుందని అక్కడి జాలరులు ఎప్పటినుంచో నమ్ముతున్నారు. ఆ నమ్మకం వట్టిది కాదని తక్కెడ చెప్పింది. మయన్మార్‌లో ఐరావతి నది మీద జాలరులు పడవ అంచును కర్రతో తట్టి పిలిస్తే, ఇదే జాతి డాల్ఫిన్లు చేపల మందను వల వైపు తోలుకొస్తాయి. మనిషికీ ఈ జంతువుకీ పొత్తు కొత్తగా కుదర్చక్కర్లేదు, ఉన్నదాన్ని చెడగొట్టకుంటే చాలు.

మనవాళ్లు చేసిందేమిటి? జాలరికి ప్రత్యామ్నాయ ఉపాధి అన్నారు. వల పక్కన పడేసి, టూరిస్టులకు డాల్ఫిన్లను చూపించే బోటు ఎక్కమన్నారు.

చిలికా ఒడ్డున సాతపడా జెట్టీ నుంచి అలాంటి బోటు ఒకటి నేనూ ఎక్కాను. వెనకాల పొడవాటి ఇనుప కడ్డీ, దాని చివర ఫ్యాను, పక్క మనిషి మాట వినపడనంత మోత. మా బోటు నడిపే ఆయనకు తెలుగు టూరిస్టుల పుణ్యమా అని నాలుగు ముక్కలు వచ్చు. "అదిగో సార్, అదిగో" అన్నాడు. ముక్కు లేని గుండ్రటి బూడిదరంగు తల ఒకటి ఇలా తేలి, బుస్సుమని గాలి వదిలి మునిగింది. అంతే, తొమ్మిది బోట్లు అటు తిరిగాయి. అది మళ్లీ తేలేసరికి మేమందరం దాని చుట్టూ ఉన్నాం. వల వేసేవా అని అడిగితే, వేసేవాణ్ణి అన్నాడు. ఇప్పుడు అది ఇంటి చూరుకు వేలాడుతోందట.

నీటిలో దారినీ వేటనూ శబ్దంతో పసిగట్టే జీవి అది. దాని నెత్తిన పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంజిన్లు తిప్పుతూ దీనికి సుస్థిర జీవనోపాధి అని పేరు పెట్టాం!

టూరిజం వల్ల చేతిలో నగదు ఆడుతోంది, చేపలు పడని నెలల్లో పిల్లల ఫీజులు కట్టేది దానితోనే అంటారు. నిజమే. కొన్ని రకాల వలల్లో చిక్కుకుని డాల్ఫిన్లు చస్తాయన్నదీ నిజమే, అలాంటి వలల్ని ఆపాల్సిందే. కానీ ఒక్క తుపాను సీజనో ఒక్క లాక్‌డౌనో వస్తే ఆ నగదు ఏమవుతుందో 2020లో అందరం చూశాం. ఆ రోజుల్లోనూ జనం చేపలు తిన్నారు.

అసలు సంగతి బోట్లు కూడా కాదు, నీళ్లు ఎవరివన్నది. చిలికా మీద దాదాపు రెండు లక్షల మంది బతుకుతున్నారని చెబుతారు. సాతపడా అవతల కృష్ణప్రసాద్ దీవుల్లో ఉన్నవాళ్లకు సరస్సే పొలం. వాళ్లలో తెలుగు మూలాలున్న నోళియాలూ ఉన్నారు. తరాలుగా ఏ నీళ్లు ఏ ఊరివో కట్టుబాటు ఉండేది. 1991లో లీజు విధానం మార్చి రొయ్యల పెంపకానికి తలుపు తీశాక సంప్రదాయ జాలరులు కానివాళ్లు దిగారు, వలకంచెలతో ఘేరీలు, అంటే రొయ్యల మడులు కట్టారు. ఆ ఘేరీల మీద జాలరులు తిరగబడితే, 1999 మే నెలలో సోరనా అనే ఊళ్లో పోలీసు కాల్పులకు నలుగురు పోయారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వితే, 1,700 టన్నుల దగ్గర పడిపోయిన ఏడాది దిగుబడి రెండేళ్లలోనే 10,000 టన్నులు దాటింది. నీళ్లు బాగుపడితే చేప వస్తుందని రుజువైంది. మరి ఆ చేప ఎవరి వలలోకి? తర్వాత హైకోర్టు చెప్పాక ఘేరీలు పీకితే, ఖాళీ అయిన నీళ్లలోకి డాల్ఫిన్లు వచ్చాయని అధికారులే చెప్పారు. అంటే జాలరికి అడ్డమైన కంచే డాల్ఫిన్‌కీ అడ్డం.

ఈ కథ మనకు కొత్తేం కాదు. కొల్లేరు లంకల్లో సహకార సంఘాల పేరుతో చెరువులు ఇచ్చారు, కాగితం మీద సంఘం, గట్టు మీద బయటి పెట్టుబడిదారు. 2006లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చెరువులు బాంబులు పెట్టి మరీ పేల్చారు. ఆ మట్టి ఆరకముందే గట్లు మళ్లీ లేచాయి. లంక గ్రామాల వాళ్లకు చట్టబద్ధంగా ఇంత నీళ్లు మీవి అని రాసిచ్చి ఉంటే, ఆ గట్టు మీద కాపలా వాళ్లే కాసేవారు. గట్టు పేల్చడం తెలిసిన ప్రభుత్వానికి పట్టా రాయడం మాత్రం రాలేదు. చిలికాలోనూ అంతే. జాలరి సంఘానికి లీజు ఉంటుంది, దాన్ని చాటుగా ఇంకొకరికి కట్టబెట్టడమూ ఉంటుంది.

కాబట్టి ఈసారి లెక్కలకు దిగేటప్పుడు అటవీ శాఖ, చిలికా అభివృద్ధి సంస్థ ఇంకో పని చేయాలి. దుర్భిణులు పట్టుకున్న బృందాలతో పాటు ఒక తక్కెడనీ పంపాలి. కర్రల వలల దగ్గర ఆ రోజు ఎంత చేప పడిందో, ఆ నీళ్ల లీజు ఎవరి పేర ఉందో, నిజంగా వల లాగుతున్నది ఎవరో మూడు గడుల్లో రాసుకురావాలి. డాల్ఫిన్ల అంకె పక్కనే ఆ కాగితమూ పత్రికలకు ఇవ్వాలి.