సవరణ: కవరు విప్పి గంటసేపు కొత్త నీళ్లు కలపమన్నది తప్పు

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు అక్వేరియం చేపల్ని తీసుకెళ్లడం గురించి రాసినప్పుడు, చేరాక కవరు మూతి విప్పి గంటసేపు చుక్కచుక్కగా కొత్త నీళ్లు కలపమన్నాను. పది పన్నెండు గంటలు మూసి ఉన్న కవరుకు ఆ పద్ధతి ప్రమాదం. పొరపాటు నాదే. చేపల రవాణా మీద మత్స్యశాస్త్ర పుస్తకాలు చెప్పేది వేరు.

మూసిన కవరులో చేపలు వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పడిపోతుంది, అంటే నీళ్లు ఆమ్లంవైపు మారతాయి. అందుకే అవి వదిలిన అమోనియా చాలావరకు, అంతగా హాని చేయని అమోనియం రూపంలో ఉంటుంది. మూతి విప్పగానే ఆ గ్యాస్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అమోనియం మళ్లీ విషంగా మారుతుంది. మనం చుక్కలు కలుపుతున్నంతసేపూ చేపల మొప్పలు ఆ నీళ్లలోనే మండుతుంటాయి.

కవరు విప్పకుండానే 15-20 నిమిషాలు ట్యాంకులో తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. లైటు ఆర్పండి. తర్వాత విప్పి, వెంటనే వలతో చేపల్ని మాత్రమే ట్యాంకులోకి వదలండి. కవరు నీళ్లు పారబోయాల్సిందే. ట్యాంకు నీళ్లలో క్లోరిన్ ముందే తీసేసి ఉండాలి. మన బోరు నీళ్లకు అలవాటుపడ్డ చేపలైతే కొత్త ట్యాంకు టీడీఎస్‌ను (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) ముందుగానే పాతదానికి దగ్గరగా తెచ్చుకోండి. తగ్గించడం తర్వాతి వారాల్లో, నీళ్లు మార్చినప్పుడల్లా కొంచెంకొంచెంగా.

కవరులో మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్, బయల్దేరే ముందు 24 గంటలు మేత ఆపడం: అప్పుడు రాసిన వీటిలో మార్పు లేదు. ఫైటర్ చేపకు (బెట్టా) మాత్రం ఆక్సిజన్ బదులు మామూలు గాలి చాలు.